తొలి చేపల పంపకం

ఆ రోజు పొద్దున్నే ఊలీపికా గుండె ఒకసారి ఆగినంత పనయింది.

కూతురు మియాలియా విమానం దగ్గరికి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటోంది. గ్రాంటు ఇచ్చిన నిధి సంస్థ ఆఫీసరు వస్తున్నాడు. ఊలీపికా టీ పోసుకుంటూ ఏదో మాటవరసకు అడిగింది.

"అవునే, మొదటి చేప ఎవరికిచ్చావు? ఆలూక్ అవ్వకేగా?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మా."

"ఎవరికీ ఇవ్వలేదా?"

"నూట అరవై చేపల ప్యాకెట్లూ ఆఫీసరు కళ్ళతో చూసి ఫొటోలు తీసుకోవాలి. అప్పుడే గ్రాంటులో రెండో సగం ఇస్తారు. లేదంటే ఫ్రీజరూ, ప్యాకింగు మిషనూ పట్టుకుపోయి వేరే ఊరివాళ్ళకిచ్చేస్తారు. నీకు పదిసార్లు చెప్పాను." మియాలియా టోపీ లాక్కుంది. "అమ్మా, ఇవాళ ఒక్క రోజు భయపడకుండా కూర్చో. రొట్టె కాల్చు. అతను తింటాడు."

మంచుబండి చప్పుడు దూరమైపోయింది. ఊలీపికా చేతిలో టీ చల్లారిపోయింది.

మొదటి చేప ఇవ్వలేదా! ఏడేళ్ళప్పుడు మియాలియా గాలానికి పడ్డ మొదటి చేపను, ఆమె బొడ్డు కోసిన మంత్రసాని ఆలూక్ అవ్వ వచ్చి ఆచారం ప్రకారం ఎత్తుకుపోయింది. ఊళ్ళో అందరూ తలో ముక్కా తిన్నారు. తన పిల్లకు ఒక్క ముక్కయినా మిగల్లేదని ఊలీపికా ఎంత పొంగిపోయిందో! ఇప్పుడు ఆ పిల్లే సొంత వ్యాపారం పెట్టి, వ్యాపారంలో మొదటి చేపలను తాళం వేసి దాచింది. దాచుకున్నవాళ్ళ వలలోకి చేప మళ్ళీ వస్తుందా? అల్లుడు తొమ్మాసీ ఈ క్షణాన సరస్సు మీద, మంచుగడ్డకు కన్నం పొడిచి వల లాగుతుంటాడు. కాలు జారితే? గడ్డ పగిలితే? బండి చెడిపోయి, తుఫానులో చిక్కుకుంటే? స్టవ్ మీద కెటిల్ కుయ్యిమంటే ఉలిక్కిపడింది.

ఒక్క పెట్టె. ఇరవై ప్యాకెట్లు. ఒక్క పెట్టె తగ్గితే ఆఫీసరు ఏమీ అనడు. మన జాతివాడే కదా, పేరు లూకాసీ అట, అతనికి మాత్రం తెలియదా?

ఊరి రేడియోకి ఫోను చేసింది. రేడియో నడిపే షీపా ఎత్తింది.

"షీపా, మా మియాలియా మొదటి చేపలు పంచుతున్నామమ్మా. ఫ్రీజరు దగ్గరికి వచ్చి తీసుకోమని చెప్పు."

"అబ్బ, ఇన్నాళ్ళకా! మీ ఇల్లు పిసినారి కొంపయిపోయిందని ఊళ్ళో అప్పుడే అంటున్నారు వదినా" అని షీపా నవ్వి, ఆ నవ్వుతోనే రేడియోలో చెప్పేసింది.

ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రేడియో మోగుతూనే ఉంటుంది. ఊలీపికా పార్కా కోటు తొడుక్కుని, తాళం తీసి ఫ్రీజరు గది తెరిచేసరికే నలుగురు నిలబడి ఉన్నారు. ఆలూక్ అవ్వ వచ్చి మొదటి ప్యాకెట్టు పట్టుకుని, "నా చేతుల్లో పుట్టిన పిల్లే ఇది" అని అందరికీ చూపించింది. ఊలీపికాకు కళ్ళు చెమర్చాయి. ఒక పెట్టె అయిపోయింది. గుమ్మంలో ఇంకా మనుషులున్నారు. చంకలో బిడ్డతో ఒకామె, కర్ర పట్టుకుని ఒక ముసలాయన, గోనెసంచితో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. తలుపు దాకా వచ్చినవాళ్ళతో అయిపోయాయని ఎలా అంటుంది, వెనక అరల్లో పెట్టెలు కనిపిస్తుంటే? పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. రెండో పెట్టె తెరిచింది. మూడోది ఎవరో వాళ్ళే తెరుచుకున్నారు.

చివరికి ఒకమ్మాయి, "పిన్నీ, ఖాళీ అట్టపెట్టెలు కూడా తీసుకోమంటారా?" అని అడిగితే గానీ ఊలీపికా వెనక్కి తిరిగి చూడలేదు.

అరలన్నీ తెల్లగా, బోడిగా ఉన్నాయి. ఒక్కటి లేదు. ఇంత చలిలోనూ ఆమె వీపున చెమట పట్టింది. ఏ ఉపద్రవాలు వస్తాయోనని రోజూ లెక్కపెట్టుకునే మనిషే. అగ్గి, ఎలుగుబంటి, మంచుగడ్డ, జ్వరం, అన్నీ ఉన్నాయి ఆ జాబితాలో. తన చేతులు మాత్రం ఎప్పుడూ లేవు.

సరిగ్గా అప్పుడే మంచుబండి వచ్చి ఆగింది.

"ఇదేనండీ ఫ్రీజరు. మైనస్ ఇరవైలో ఉంచుతాం. నూట అరవై ప్యాకెట్లు, అన్నిటికీ పేరూ తేదీ..." అంటూ లోపలికి వచ్చిన మియాలియా మాట అక్కడే తెగిపోయింది. వెనక లూకాసీ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. మీసాల మీద మంచు కట్టిన కుర్ర ఆఫీసరు. అతను అరలు చూశాడు, ఊలీపికాను చూశాడు, మళ్ళీ అరలు చూశాడు.

"సరుకు ఇంకెక్కడైనా ఉందాండీ?"

మియాలియా తల్లి వైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది. ముఖంలో రక్తం లేదు.

"మొదటివి కదా అని..." ఊలీపికా ఖాళీ అట్టపెట్టె ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఒక్క పెట్టే అనుకున్నానే."

లూకాసీ బూట్లకేసి చూసుకున్నాడు. "అమ్మగారూ, నాకు అర్థమైంది. మా అమ్మమ్మ ఉంటే ఇదే చేసేది. కానీ నేను చూసిందే రాయాలి. మూడింటికి ఇదే విమానంలో వెళ్ళిపోవాలి, వెనక తుఫాను వస్తోంది. ఇవాళ సరుకు చూడకపోతే ఈ ఫైలు మూసేస్తారు."

"మూడింటి లోపల కనిపిస్తే చాలా, బాబూ?"

"చాలు. కానీ..."

ఊలీపికా అప్పటికే పరిగెడుతోంది. ఫోనులో అడిగే మాట కాదు ఇది. రేడియో గది దాకా మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి, టోపీ కూడా తియ్యకుండా మైకు ముందు కూర్చుంది. షీపా పాట ఆపేసింది.

"నేను ఊలీపికాని." ఊపిరి అందలేదు. "పొద్దున మీరు తీసుకెళ్ళిన చేపలు... దయచేసి తిరిగి తెచ్చివ్వండి. నా కూతురికి తెలియదు. తప్పు నాది. మిగిలిన ప్యాకెట్లు తిరిగి తెచ్చివ్వండి."

షీపా చేతిలో కప్పు బల్ల మీద ఒలికింది. తుడవడం కూడా మరిచిపోయి నోరు తెరుచుకు చూసింది. ఇచ్చిన తిండిని వెనక్కి అడిగిన మనిషిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. క్షణం ఖాళీ లేకుండా మోగే ఫోను మూగబోయింది. చాలాసేపటికి ఒక్కసారి మోగింది.

"ఊలీపికా." ఆలూక్ అవ్వ గొంతు. "నీకు ఒంట్లో బాగోలేదా తల్లీ? నేను ఉడకబెట్టి తినేశాను. దేన్ని తిరిగి తేను? నా పొట్టనా?"

షీపా నవ్వలేదు. ఊలీపికా మైకును రెండు చేతులా పట్టుకుంది. "అవ్వా, మిగిలినవాళ్ళనైనా..."

తలుపు దభాలున తెరుచుకుంది. మియాలియా మంచుతో పాటే లోపలికి వచ్చి, తల్లి భుజం మీదుగా మైకు మీదకు వంగింది.

"నేను మియాలియాని. ఎవరూ ఏమీ తేవొద్దు. అవి నా మొదటి చేపలు, మీకిచ్చేశాను. తినండి. మా అమ్మ మాట పట్టించుకోకండి, కంగారు మనిషి." స్విచ్చి తనే కట్టేసింది.

ఒక్కొక్క కాగితం నింపుతూ ఈ పిల్ల రెండు చలికాలాలు ఆ గ్రాంటు కోసం కూర్చుంది. ఒక్క గుక్కలో వదిలేసింది.

మూడింటికి విమానం వెళ్ళిపోయింది. లూకాసీ ఖాళీ అరలను ఫొటో తీసుకున్నాడు, కాగితం మీద సరుకు లేదని రాశాడు, రాసింది చదివి వినిపించి మరీ సంతకం పెట్టించుకున్నాడు. మిషన్లు మంచు కరిగాక మొదటి ఓడలో వెళ్ళిపోతాయి. కొత్త దరఖాస్తు వచ్చే ఏడు పెట్టుకోవచ్చట. వెళ్తూ వెళ్తూ ఊలీపికా చెయ్యి పట్టుకుని రొట్టె బాగుందన్నాడు. ఆ రొట్టె మాడిపోయింది.

తల్లీకూతుళ్ళు బల్ల దగ్గర కూర్చున్నారు.

"తిట్టవే" అంది ఊలీపికా. "ఎంత తిట్టినా పడతాను. ఎందుకు ఆపావు? సగం ఇళ్ళవాళ్ళయినా తెచ్చేవాళ్ళేమో."

"తెచ్చేవాళ్ళు. అదే నా భయం."

"నీకు భయమేమిటే?"

మియాలియా వేలితో బల్ల మీద గీతలు గీసింది. "తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్ళిపోయేవాళ్ళమ్మా. తర్వాత రేపు నువ్వు కొట్టుకెళ్తే నీతో ఎవరు మాట్లాడతారు? చర్చిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వు మైకులో ఆ మాట అంటుంటే మనింటి రేడియోలో విన్నాను. ఫ్రీజరు ఖాళీగా చూసినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు."

ఊలీపికా కూతురి వేళ్ళ మీద చెయ్యి వేసింది. అందరి కోసమూ అన్నిటికీ భయపడింది గాని, తనకేమవుతుందోనని భయపడటం ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. ఆ పని తన కోసం ఇంకొకరు చేస్తున్నారంటే నమ్మలేకపోయింది.

"ఓడ వచ్చేదాకా మిషన్లు మనవేగా" అంది చివరికి.

"మనవే."

"అయితే లే. తొమ్మాసీ చేపలతో వచ్చేలోపల ఆ అరలు తుడవాలి."