బాయిలరులో గుర్రం

మండపేటలో దొరబాబుగారి రైసుమిల్లు వెనక పాత బాయిలరు ఒకటి తుప్పుపట్టి పడుండేది. 2004 ఎండాకాలంలో దాన్ని కోసి, తలుపూ చిన్న గాజుకిటికీ పెట్టి, గుర్రానికి వైద్యం చేసే గదిగా మార్చినవాడు చిట్టియ్య. అతని వెల్డింగు చూస్తే ఎంతటివాడైనా శభాష్ అనాల్సిందే. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు, అక్కడే వచ్చింది చిక్కంతా.

దొరబాబుగారి పందెం గుర్రానికి ముందుకాలి మీద పుండు పడి మూడు నెలలైనా మానలేదు. ఆయన ఏదో పెద్ద ఊళ్ళో గుర్రాల ఆసుపత్రికి వెళ్ళి, గుర్రాన్ని ఇనుప గదిలో పెట్టి ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కిస్తే పుండ్లు మానతాయని తెలుసుకొచ్చారు. అక్కడి డాక్టర్లు ఎన్ని జాగ్రత్తలు పడతారో అడిగారా? అబ్బే, అంత ఓపిక ఎక్కడిది!

"మనకి బాయిలరుంది, చిట్టియ్య ఉన్నాడు, సిలిండర్లు దొరుకుతాయి. ఇంకేం కావాలి?" అన్నారు.

ఒంటరిగా ఉంచితే గుర్రం బెదిరిపోతోంది. అందుకని దాన్ని చూసుకునే బుల్లియ్య కూడా లోపల కూర్చోవాల్సి వచ్చింది. బుల్లియ్య చిట్టియ్యకి స్వయానా బావ, అక్క లోవమ్మ మొగుడు. బావ లోపలికి వెళ్ళగానే తలుపుకి ఎనిమిది బోల్టులూ బిగించేది బావమరిదే. అరగంటయ్యాక గాలి వదిలి విప్పేదీ అతనే. పది రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి. పుండు కూడా తగ్గుముఖం పట్టింది.

పదకొండో రోజు పొద్దున్న గుర్రం నడిచొస్తుంటే టకటకమని చప్పుడైంది. చిట్టియ్య వంగి చూశాడు. నాలుగు కాళ్ళకీ కొత్త నాడాలు! వారంలో తీర్థం, గుర్రప్పందేలు, ముందే అలవాటవుతుందని దొరబాబుగారు కొట్టించారట. ఈగలు వాలకుండా బుల్లియ్య పుండు చుట్టూ వేపనూనె పట్టించాడు. కాళ్ళు జారకుండా లోపల మిల్లు గోనెసంచులు పరిచాడు.

చిట్టియ్య గబగబా దొరబాబుగారి దగ్గరికి వెళ్ళాడు. తన షాపులో జిడ్డుచేత్తో ఆక్సిజన్ రెగ్యులేటరు ముట్టుకున్నవాడి చెంప పగలగొట్టే మనిషి అతను.

"అయ్యగారండీ, ఇవాళొద్దండి. నాడాలు ఊడదీయించండి. ఇనుముకి ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తాదండి. లోపలంతా ఆక్సిజనండి, పైగా నూనె, రవ్వ పడితే భగ్గుమంటాదండి!"

"పది రోజుల్నుంచీ లేనిది ఇవాళ కొత్తగా ఏంటిరా?"

"పది రోజులూ నాడాల్లేవు కదండి."

"నువ్వు కాకపోతే ఇంకోడు బిగిస్తాడు. నీ పని మీద నీకే నమ్మకం లేదేంటి?"

చుట్టూ ఉన్న మిల్లు జనం కిసుక్కుమన్నారు. బుల్లియ్య కూడా నవ్వాడు. "ఊరుకో బావమరిదీ, పిరికిమాటలూ నువ్వూనూ! అరగంటే కదా" అంటూ గుర్రం మెడ నిమురుతూ లోపలికి నడిచాడు.

అప్పుడైనా చేతిలో పానా అవతల పారేసి, తలుపుకి అడ్డంగా కూర్చోవాల్సింది. కూర్చోలేదు. నలుగురిలో నవ్వేసరికి పౌరుషం ముంచుకొచ్చింది వెధవకి. పళ్ళు కొరుక్కుంటూ ఎనిమిదీ బిగించేశాడు.

ఇరవై నిమిషాలు దాటాయి. మిల్లు ముందు లారీ ఒకటి హారన్ కొట్టింది. గాజుకిటికీలోంచి చూస్తున్న చిట్టియ్యకి గుర్రం ఉలిక్కిపడి గోడని తన్నడం కనిపించింది. మరుక్షణం గాజు నిండా తెల్లటి వెలుగు.

"బావా!" అని అరుస్తూ ఆక్సిజన్ కట్టేశాడు, గాలి వదిలే వాల్వు తిప్పాడు. ఒత్తిడి దిగేదాకా తలుపు రాదు. అరచేతులు కాలి తోలు ఊడుతున్నా పానా వదల్లేదు. ఆఖరి బోల్టు ఊడేసరికి లోపల ఆర్పడానికి మంట కూడా మిగల్లేదు. బుల్లియ్యనీ గుర్రాన్నీ చూసిన మిల్లు కూలీ ఒకడు అక్కడే కక్కుకున్నాడు.

కబురు తెలిసి లోవమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "నూనె రాసింది వాడేనమ్మా, మనమేం చేస్తాం" అని దొరబాబుగారు అప్పటికే మొదలెట్టారు. ఆమె ఆయన వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వచ్చి తమ్ముడి ఎదురుగా కూలబడింది.

"నువ్విక్కడే ఉన్నావు కదరా. ఇలా అవుతుందని నీకు తెలీదా?"

"తెలుసక్కా."

"మరి చెప్పలేదా?"

"చెప్పానక్కా."

"చెప్పి?"

"చెప్పి, నేనే బిగించానక్కా."