ఇద్దరూ చూపిన చోటు

వేంపల్లె దగ్గర రామసుబ్బమ్మకు నాలుగు వందల చీనీ, అంటే బత్తాయి, చెట్లున్నాయి. పాత బోరు రోజుకు గంట పోసి ఆగిపోతోంది. మే నెల గడవాలంటే కొత్త బోరు పడాలి. ఇంతకు ముందు వేసిన రెండింట్లోనూ నీళ్లు పడలేదు, దుమ్మే. ఒకటి మీటరు పెట్టి చూసిన చోటు, ఇంకొకటి టెంకాయ పట్టి చూసిన చోటు. ఈసారి ఆమె మీటరు పెట్టేవాణ్నీ టెంకాయ పట్టేవాణ్నీ, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా, ఇద్దరినీ పిలిపించింది.

సోమవారం భూగర్భజలాలు చూసే దావీదురాజు వచ్చాడు. ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, మీటరు చూసి, తూర్పు గట్టు, ఆ గెనెం పక్కన సున్నంతో గుర్తు వేశాడు. ఆయన బండి మలుపు తిరగ్గానే ఆమె సున్నం చెరిపేసింది. గురువారం చిన్న ఈరన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. సరిగ్గా ఆ సున్నం చెరిపిన చోటే టెంకాయ లేచి నిలబడింది. శాస్త్రమూ దేవుడూ ఒకే మాట చెప్పాక ఇంకేం కావాలనుకుంది రామసుబ్బమ్మ.

శనివారం బోరు బండి వచ్చింది. రామసుబ్బమ్మ ఇద్దరినీ రమ్మంది. ఆరు వందల ఇరవై అడుగుల దాకా తెల్లటి దుమ్మే లేచింది. బండివాళ్లు రాడ్లు పైకి తీశారు.

“ఏం సార్, ఏమైంది?” అంది రామసుబ్బమ్మ.

“కింద రాతి పగుళ్లు మూసుకుపోయినట్టుండాయమ్మా,” అన్నాడు దావీదురాజు.

“నువ్వేమంటావు ఈరన్నా?”

“గంగమ్మ పక్కకు జరిగిందక్కా.”

“పొయ్యేటప్పుడు నీకు చెప్పిపోలేదా?”

పక్క చేను ఖాసిం సాహెబ్ గెనెం మీద కూర్చుని నవ్వాడు. ఈరన్నకు రోషమొచ్చింది.

“నన్నొక్కణ్నే అంటావేమక్కా? కడ్డీలు దిగిన బొక్కలు ఈడ కనపడినాయి. సారు చదువుకున్నోడు, ఊరికే కొట్టడు కదా అనుకున్నా. ఈడికొచ్చేసరికి టెంకాయ లేసింది.”

“లేసిందా, లేపినావా?”

“అది నాకూ తెలీదక్కా.”

ఆమె దావీదురాజు వైపు తిరిగింది. ఆయన వాటర్ బాటిల్ మూత తిప్పుతున్నాడు.

“మీటర్లో రెండు చోట్ల ఒకటే లెక్క వచ్చిందమ్మా. నీళ్లు పడిన ఖాసిం సాహెబ్ బోరు ఈ వరసలోనే ఉండాది. అది ఈరన్న చూపించిందేనని ఆ పొద్దు సాహెబే చెప్పినాడు. అందుకే ఇటు మొగ్గినా.”

“మీరు ఆయన్ను నమ్మినారు, ఆయన మిమ్మల్ని నమ్మినాడు. నేను రెండు సాక్ష్యాలనుకున్నానే!”

“లోపలేముండాదో పైవాడికే ఎరుకమ్మా,” అన్నాడు ఖాసిం సాహెబ్.

“ఆ మాట సోమవారం చెప్పకూడదా సాహెబూ? తెలీదని ముగ్గురిలో ఒక్కరన్నా అనింటే ఈ పొద్దు బండినే పిలిచేదాన్ని కాదు. సరే సార్, ఆ రెండో చోట పడతాయా?”

దావీదురాజు ఈరన్న వైపు చూశాడు. ఈరన్న ఆయన వైపు చూశాడు.

రామసుబ్బమ్మ జవాబు కోసం ఆగలేదు. పాత బోరు దగ్గరకు నడిచింది. ఆ గంట నీళ్లు నూరు చెట్లకు సరిపోతాయి. అది ఆమె రోజూ చూసి తెలుసుకున్నది. ఏ నూరు చెట్లను బతికించుకోవాలో చెప్పగలవాళ్లు అక్కడ లేరు. నూరు చెట్లున్న పడమటి వరసల పైపు ఒక్కటి తెరిచి ఉంచి మిగతా మూడు వాల్వులూ మూసింది. చివరిది బిగుసుకుపోయి ఉంటే రాయి తీసుకుని కొట్టి తిప్పింది.