గుమ్మిలో ఇస్పేటు తొమ్మిది

దీపం పెట్టగానే పుష్పమ్మ చేసే మొదటి పని గుమ్మి మూత ఎత్తి చూడటం. దేవుడికి దండం ఆ తర్వాతే. ఆ ఇంటివాళ్లు పగలంతా ఒకరికి తెలియకుండా ఒకరు ఏది దాచినా, దీపాల వేళకు అది జొన్నల గుమ్మిలో పైకి తేలుతుంది. పుష్పమ్మ అత్తగారి అత్తగారి కాలం నుంచీ అంతే. భర్త బాలప్ప బతికున్నన్నాళ్లూ బీడీ కట్టలు తేలేవి. కూతురు హరిచందన ఆరో తరగతిలో ఉండగా గోడ సందులో దోపిన లెక్కల పరీక్ష కాగితం తేలింది. ఇప్పుడు ఎక్కువగా తేలేది పుష్పమ్మ సొంత బెల్లం ముక్కే. ఆమెకు షుగరు వచ్చి నాలుగేళ్లయింది. పొద్దున ఎక్కడ దాచుకున్నా సాయంత్రానికి ఆ ముక్క జొన్నల మీద దర్జాగా కూర్చుని హరిచందన కంట పడుతుంది.

కర్దనూరులో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఎవరి బోరు ఎప్పుడు ఎండుతుందో, ఎవరి బర్రె తంతుందో తెలిసినట్టే పుష్పమ్మ గుమ్మి సంగతీ ఊరికి తెలుసు. పక్కింటి రాజవ్వ సరిగ్గా ఆ వేళకు గడప దాకా వచ్చి "ఏమొచ్చిందే ఇయ్యాల?" అని అడిగి పోతుంది. టీవీ సీరియల్ కన్నా ఇదే నయమని ఆమె లెక్క.

అన్నీ తేలే ఆ గుమ్మిలో మూడేళ్లుగా తేలనివి అల్లుడి వస్తువులు.

అల్లుడు ప్రవీణ్‌ది పోతిరెడ్డిపల్లి. ఇల్లరికం వచ్చాడు. పటాన్‌చెరులో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని. ఈ మూడేళ్లలో అతను దాచింది ఒక్కటంటే ఒక్కటి గుమ్మిలోకి రాలేదు. దీనికి రెండే అర్థాలు. అతను ఏమీ దాచకపోవడం ఒకటి. మగవాడు మూడేళ్లపాటు ఏమీ దాచకుండా ఉంటాడంటే, బాలప్పతో కాపురం చేసిన పుష్పమ్మ నమ్మే రకం కాదు. ఇక రెండోది, గుమ్మి అతన్ని ఇంటిమనిషిగా ఒప్పుకోకపోవడం. పుష్పమ్మ దీన్నే గట్టిగా పట్టుకుంది. గుమ్మే ఒప్పుకోనివాణ్ని నేనెందుకు ఒప్పుకోవాలి అనుకుంది. అతనితో నేరుగా మాట్లాడదు. అతను ఎదురుగానే ఉన్నా కూతురి వైపు తిరిగి "మీ ఆయనను తినుమను" అంటుంది.

ఆమె భయమంతా ఎకరం గురించి. ఏడెకరాల్లో ఆరు ఏదో ఒక వంకన పోయాయి. రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఎకరం మిగిలింది. ఇప్పటికీ అందులో కంది వేస్తుంది. వారానికొకడు కారులో వచ్చి ఆ ఎకరం ఎంత పలుకుతుందో చెప్పబోతాడు. పుష్పమ్మ మంచినీళ్లిచ్చి పంపేస్తుంది. పాసుబుక్కు బీరువాలో, బీరువా తాళం రవికెలో, పుష్పమ్మ కన్ను అల్లుడి మీద.

అలాంటి ఇంట్లోకి శ్రావణ మాసంలో ప్రవీణ్ పేకాట పత్తాల కట్ట తెచ్చాడు.

"ఇగ షురువైందా జూదం?" అంది పుష్పమ్మ కూతురితో.

"జూదం కాదమ్మా, మ్యాజిక్. దసరాకు కంపెనీల ఆయుధ పూజ రోజు మెషిన్లు బంద్ వెట్టి ప్రోగ్రాం చేస్తరు గద. ఈయన పేరు ఇచ్చిండు."

పుష్పమ్మకు జూదమే నయమనిపించింది. జూదంలో పోతే పోయిందని తెలుస్తుంది. ఇతను నేర్చుకునేది పోయినట్టు తెలియకుండా పోగొట్టే విద్య.

ప్రవీణ్ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, అరుగు మీద నీళ్ల బిందెకు ఫోను ఆనించి కూర్చునేవాడు. ఫోనులో ఎవరో చేతులు మాత్రమే కనిపించే మనిషి నేర్పేవాడు. మొదటి నెలంతా పత్తాలు అరుగు నిండా రాలడమే. అరచేతిలో పత్తా ఇరికించి చేయి ఖాళీగా చూపించడం ఒక విద్య. రెండు పత్తాలను ఒక్కటిగా లేపడం ఇంకో విద్య. ఇది మాత్రం అతనికి తొందరగా పట్టుబడింది. కంపెనీలో మాత్రల పట్టీలు పదేసి డబ్బాలో పెట్టే చేతులవి. తొమ్మిదుంటే పలచన, పదకొండుంటే మందమని లెక్కపెట్టకుండానే వేళ్లకు తెలిసిపోతుంది.

"రెండు ఒకటే లెక్క గనవడాలె. సూసేటోనికి అంచు గనవడొద్దు, గంతే," అని హరిచందనకు చెప్పేవాడు.

"మరి ఎవలన్న అంచు దిక్కే సూస్తే?"

"సూడకుండ జెయ్యాలె. ఒక చెయ్యి ఆడిస్తుంటే కండ్లన్ని దాని మీదనే ఉంటయి. పని జేసేది రెండో చెయ్యి."

తలుపు వెనకాల బియ్యం ఏరుతున్న పుష్పమ్మ చెవిన ఆ మాట పడింది. ఆ రోజు నుంచి అతని రెండు చేతులనూ విడివిడిగా కాపలా కాసింది. పత్తా మాయం చేసిన ప్రతిసారీ సాయంత్రం గుమ్మిలో వెతికింది. జొన్నలు తప్ప ఏమీ లేదు. చేతిలో లేదు, గుమ్మిలో లేదు, మరి ఎక్కడికి పోతోంది? దాచిన వస్తువు ఇల్లు దాటి పోగలదంటే రేపు పాసుబుక్కు సంగతేమిటి?

వినాయక చవితి వెళ్లాక కూతురితో తేల్చి చెప్పేసింది. "దసరా ఎల్లంగనే మీరు పటాన్‌చెరుల కిరాయిల్లు సూస్కోండ్రి. నేనొక్కదాన్నే బతుకుత."

హరిచందన ఏడ్చింది. ప్రవీణ్ పత్తాలు కలుపుతూ కూర్చున్నాడు. ఎంత బాధగా ఉంటే అంత నెమ్మదిగా కలిపేవాడు, ఆ సంగతి పెళ్లానికి తెలుసు.

ఒక ఆదివారం పుష్పమ్మ తమ్ముడు సంగయ్య వచ్చాడు. పటాన్‌చెరులో ప్లాట్లు ఇప్పించే పని అతనిది. పుట్టింటి వైపు ఆమెకు మిగిలిన ఒక్క మనిషి. తమ్ముడు వస్తే పుష్పమ్మ ముఖమే మారిపోతుంది, మోకాళ్ల నొప్పి కూడా గుర్తుండదు. అతను తోలుసంచి తెరిచి కాగితాలు తీశాడు, సిరా డబ్బా తీశాడు.

"అక్కా, పంట లోను రెన్యువల్ జేయాలె. నాలుగు కాగితాలు. నువ్వు బ్యాంకు దాక వచ్చుడెందుకు పరేషాన్, నేను ఇచ్చొస్త. ఏలుముద్ర వెయ్యి."

"నువ్వున్నవని గద తమ్మీ నా ధైర్నం."

సంగయ్య కాగితాలను ఒకదాని కింద ఒకటి జరిపి, అడుగు అంచులు మాత్రమే కనిపించేలా పట్టుకున్నాడు. పుష్పమ్మ బొటనవేలు సిరాలో అద్ది వేసుకుంటూ పోయింది. కళ్లు మాత్రం కాగితాల మీద లేవు. అరుగు అవతల ప్రవీణ్ పత్తాలు కలుపుతున్నాడు, ఆ చేతుల మీద ఉన్నాయి. తమ్ముడు ఇంట్లో ఉన్న వేళ వీడు బీరువా గదివైపు పోతాడేమోనని ఆమె అనుమానం.

ప్రవీణ్ చేతులు ఆగిపోయాయి. అతను సంగయ్య వేళ్లనే చూస్తున్నాడు. ఆఖరి వేలిముద్ర పడిన కాగితం మిగతావాటి కన్నా మందంగా ఉంది. దాని కింద ఇంకో కాగితం అంచు సరిగ్గా కలిసి ఉంది. రెండు ఒకటే లెక్క కనపడుతున్నాయి.

దసరా తర్వాత ఇల్లు దాటాల్సిన అల్లుడు, ఒక్కగానొక్క తమ్ముడి మీద మాట చెబితే ఈ ఇంట్లో ఎవరు నమ్ముతారు? లేచి పత్తాలు పట్టుకుని వచ్చాడు.

"మామా, జెర ఒక పత్తా తియ్యి. నేర్సుకుంటున్న, నీ మీద సూస్త."

సంగయ్యకు పని అయిపోయిన హుషారు. కాగితాలు సంచిలో పెట్టి నవ్వుతూ ఒక పత్తా లాగాడు. ఇస్పేటు తొమ్మిది.

"నాకు సూపియ్యకు. నీ సంచిలనే పెట్టుకో. ఆఁ, ఇగ నా చెయ్యి సూడు. ఏం లేదు గద? ఈ చెయ్యి సూడు."

పుష్పమ్మ కూడా చూసింది. రెప్ప వేయకుండా ఆ కుడి చేతినే చూసింది. ప్రవీణ్ దాన్ని గాలిలో తిప్పాడు, మూశాడు, తెరిచాడు. "ఇప్పుడు నీ సంచిల లేదు," అన్నాడు. సంగయ్య సంచిలో చెయ్యి పెట్టి పైపైన తడిమాడు. పత్తా లేదు.

"అరే వారి! మరి ఏడికి పాయె?"

ప్రవీణ్ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ముఖం తెల్లబోయింది. రెండో జేబు వెతికాడు. "జేబుల ఉండాలె మామా. ఫెయిలైంది," అన్నాడు.

"కంపెనీల గిట్ల జేస్తే రాళ్లేస్తరు బిడ్డా," అని సంగయ్య పెద్దగా నవ్వి, బండెక్కి వెళ్లిపోయాడు.

పుష్పమ్మ నవ్వలేదు. అల్లుడు లోపలికి పోతుంటే కడుపు దగ్గర చొక్కా కింద ఏదో గరగరమంది. ఆమె పరుగున పోయి బీరువా తెరిచింది. పాసుబుక్కు ఉంది. గాజులున్నాయి. అన్నీ ఉన్నాయి, అయినా మనసు కుదుటపడలేదు.

"మీ ఆయన అంగిల ఏదో దాసిండు. అడుగు," అంది కూతురితో.

"ఏం లేదు," అన్నాడు ప్రవీణ్ లోపలి నుంచి. ఆ గొంతు వింటే చిన్నపిల్లలకైనా అబద్ధమని తెలుస్తుంది. "ఇయ్యాల్నే ఎల్లగొట్టాలె," అనుకుంది పుష్పమ్మ.

మిగిలిన పగలంతా పుష్పమ్మ బీరువా ముందే కూర్చుంది. ప్రవీణ్ ఒకసారి చొక్కా కింద తడుముకుని ఉలిక్కిపడటం, మంచం కింద వంగి వెతకడం హరిచందన చూసింది. ఏం పోయిందని అడిగితే చెప్పలేదు.

దీపం పెట్టే వేళయింది. రాజవ్వ గడపలో నిలబడింది. పుష్పమ్మ మూత ఎత్తింది.

జొన్నల మీద ఇస్పేటు తొమ్మిది ఉంది. దాని కింద నాలుగు మడతల స్టాంపు కాగితం.

"అల్లునివి వచ్చినట్టున్నయి," అంది రాజవ్వ. "మూడేండ్లు వట్టింది," అని తన ఇంటికి వెళ్లిపోయింది.

పుష్పమ్మకు చదువు రాదు. కాని కాగితం అడుగున ఉన్న వేలిముద్రను గుర్తుపట్టింది. నడిమధ్య అడ్డంగా గీత, కోతలప్పుడు కొడవలితో తెగిన గీత. ఆ గీత ఈ ఊళ్లో ఇంకెవరికీ లేదు. మొదట వచ్చింది కోపమే. నేను నిద్రలో ఉండగా నా వేలు పట్టి వేయించుకున్నాడా వీడు? సిరా ఇంకా వేలికి అలాగే ఉంది. ఆ వేలినీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. కాగితం కూతురి చేతికిచ్చింది.

"సదువు," అంది.

హరిచందన చదివింది. ఎకరం నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, అమ్మకానికి ఒప్పుకున్నట్టు పుష్పమ్మ పేరు. కొనేవారి పేరు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఎవలు?"

"సంగయ్య మామ, అమ్మా."

అప్పుడే ఫోను మోగింది. సంగయ్యే. హరిచందన స్పీకర్ పెట్టింది.

"అక్కా, నీ అల్లుడు దొంగ! నా సంచిలకెల్లి కాగితం కొట్టేసిండు. వాన్ని జల్దీ పట్టుకో!"

పుష్పమ్మ ఫోను దగ్గరికి వంగింది. "ఏం కాగితం తమ్మీ?"

"అదే... బ్యాంకుది."

"నాలుగంటివి. ఎంచి సూడు. నాలుగున్నయా, లేవా?"

అవతల కాగితాల చప్పుడు. "ఉన్నయి."

"మరి పోయిందేంది?"

అవతల బండ్ల మోత కాసేపు వినిపించి ఫోను ఆగిపోయింది. పుష్పమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఏడ్చింది. భూమి కోసం కాదు, భూమి ఎక్కడికీ పోలేదు. చిన్నప్పుడు చంకన వేసుకుని తిప్పిన తమ్ముడి కోసం ఏడ్చింది. ఇన్నాళ్లూ తాను రెప్ప వేయకుండా కాపలా కాసింది తప్పు చేతినే అని తెలిసి ఇంకొంచెం ఏడ్చింది.

ప్రవీణ్ దొంగలాగే తలుపు దగ్గర నిలబడ్డాడు. "నేనే తీసిన అత్తమ్మా. రేపు పొద్దున కంపెనీ దిక్కు పోయేటప్పుడు చింపేద్దామనుకున్న. అంగి కిందనే ఉండె, మాయమైంది."

హరిచందన కాగితం భద్రపరుద్దామంది, సాక్ష్యంగా పనికొస్తుందంది. పుష్పమ్మ వినలేదు. పొయ్యి అంటించి అందులో పెట్టింది. ఆ మంట మీదే చాయ్ కాచింది. మొదటి గ్లాసు తానే పట్టుకెళ్లి అల్లుడి చేతికిచ్చింది. మూడేళ్లలో అతనితో నేరుగా అన్న మొదటి మాట అప్పుడే అంది.

"తాగు బిడ్డా. సల్లారిపోతది."

ఆ తర్వాత ప్రవీణ్ మాయం చేసిన పత్తా ఒక్కటీ తిరిగి అతని చేతికి రాలేదు. అరచేతిలో ఇరికించగానే నిజంగానే మాయమైపోయేది, సాయంత్రం గుమ్మిలో తేలేది. ఎంత సాధన చేసినా అంతే. కిరాయి ఇంటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మ్యాజిక్ మాత్రం సగమే మిగిలింది.

ఆయుధ పూజ రోజు కంపెనీలో మెషిన్లకు పూలదండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, ప్రోగ్రాం పెట్టారు. సూపర్‌వైజర్ బాపిరాజు తీసిన పత్తాను ప్రవీణ్ మాయం చేసి, రెండు చేతులూ చాచి, పది వేళ్లూ విప్పి చూపించాడు. అంత శుభ్రంగా మాయం చేసినవాణ్ని అక్కడెవరూ చూడలేదు. చప్పట్లు మోగిపోయాయి.

"మరి తిరిగి తియ్ బాబూ!" అన్నాడు బాపిరాజు.

"రాదు సార్. మా ఇంటికి వోయింది."

హాలంతా గొల్లున నవ్వింది. కర్దనూరు నుంచి వచ్చి పనిచేసేవాళ్లు నలుగురున్నారు, వాళ్లు మాత్రం నవ్వలేదు. అవునన్నట్టు తలూపి పులిహోర తిన్నారు.

ఆ సాయంత్రం దీపం పెట్టి పుష్పమ్మ మూత ఎత్తింది. బాపిరాజు పత్తా ఉంది. చీరకొంగుతో తుడిచి, కట్టలో కలపడానికి పక్కన పెట్టింది. అలవాటు పోదు కదా, ఇంకేమైనా దాచాడేమోనని జొన్నల్లో చెయ్యి పెట్టి కెలికింది. చేతికి ఒక కాగితం పొట్లం తగిలింది. విప్పితే కంపెనీలో పంచిన లడ్డూ, సగం. పెళ్లానికి తెలియకుండా ఎవరి కోసం దాచాడో ఆమెకు తెలిసింది.

బయట బండి ఆగింది. హరిచందన చెప్పుల చప్పుడు అరుగు ఎక్కుతోంది. పుష్పమ్మ లడ్డూ నోట్లో వేసుకుని గుమ్మి మీద మూత పెట్టేసింది.