కెప్టెన్ ఉల్క నవ్వు

ఆ నవ్వు తనది కాదని వినగానే ఆమెకు తెలిసిపోయింది.

భర్త కళ్ళద్దాల దుకాణంలో, వచ్చినవాళ్ళు విసుక్కోకుండా గోడకు బిగించిన చిన్న టీవీ ఒకటుంది. పిల్లల బొమ్మల సీరియల్ కొత్త భాగాల ప్రకటన అందులోనే వచ్చింది. అతుకుల బొంతలాంటి అంతరిక్ష నౌక ‘గవ్వ’ ఒక తోకచుక్క వెంటపడి పల్టీలు కొడుతోంది. పైలట్ ‘గిరగిర’ కేకలు పెడుతోంది. ముసలి రోబో ‘తుప్పు’ తన కీళ్ళు ఊడిపోతున్నాయని సణుగుతున్నాడు. కెప్టెన్ ఉల్క మాత్రం కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వుతోంది.

పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా ఈ ముగ్గురి పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఆ బొమ్మల సీరియల్ మొదలైన నాటి నుంచీ ఉల్కకు గొంతు ఇస్తున్నది ఆమే. స్టూడియోలో కాపలాదారు దగ్గర్నుంచి డైరెక్టరమ్మ దాకా ఆమెను కెప్టెన్ అనే పిలుస్తారు.

“విన్నారా?” అంది భర్తతో.

ఆయన ఎవరివో కళ్ళద్దాలకు మర బిగిస్తున్నాడు. “ఏంటి?”

“ఆ నవ్వు.”

“విన్నాను. బాగా నవ్వావు.”

“అది నేను నవ్వలేదు.”

ఆయన తలెత్తి చూశాడు. “నీ నవ్వు నాకు తెలీదా?”

“తెలీదని ఇప్పుడే తెలిసింది,” అని ఆమె సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ఉల్క నవ్వే ముందు ముక్కుతో సన్నగా గాలి పీల్చుకుంటుంది. అలా పీల్చమని ఎవరూ చెప్పలేదు, ఆమె నవ్వే అంత. ఈ నవ్వు గొంతులోంచి నేరుగా దూకింది. మిగతాదంతా అచ్చు గుద్దినట్టుంది. తెలియనివాళ్ళు చేసిన పని కాదది. తనను దగ్గరగా విన్నవాళ్ళెవరో, కూర్చుని, నేర్చుకుని చేశారు.

ఎండాకాలంలో ఆమె అక్క పోయింది. చిన్నప్పుడు జడలు వేసి, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన అక్క. తను కొన్నాళ్ళు సెలవు పెట్టి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక తిరిగి పనిలోకి వచ్చేసింది. ఈ భాగాలు రికార్డు చేసింది అప్పుడే. తోకచుక్క సీను ఆమెకు బాగా గుర్తుంది. అద్దం అవతల నుంచి డైరెక్టరమ్మ మళ్ళీ మళ్ళీ నవ్వించింది. చివరికి “చాలు కెప్టెన్, బాగా వచ్చింది” అంది. బాగా వస్తే దాన్ని తీసి అవతల పారేసిందెవరు?

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళింది. సౌండు గదిలో ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ చెవుల మీద హెడ్‌ఫోన్లు. తలుపు చప్పుడు వినగానే తెర మీదున్నదేదో గబుక్కున మూసేశాడు. మామూలు రోజైతే ఆమె పట్టించుకునేది కాదు.

“ఈమధ్య మిషన్లే గొంతులు చేస్తున్నాయటగా,” అంది కుర్చీ లాక్కుంటూ. “మన పాత ముక్కలన్నీ దానికి తినిపిస్తే మన బదులు అదే మాట్లాడుతుందట.”

“అలాంటివి మన దగ్గర లేవు కెప్టెన్.”

“మరి ప్రకటనలో ఆ నవ్వు?”

ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిందాన్ని విప్పి మళ్ళీ చుట్టాడు. “మిషన్ మాత్రం కాదు. ఒట్టు.”

“మిషన్ కాకపోతే మనిషన్నమాట.”

“నేనలా అన్లేదే.”

“ఎవరా మనిషి?”

“డైరెక్టరమ్మని అడగండి,” అని నీళ్ళు నమిలాడు. “నాకు పనుంది.”

ఆ మాటతో ఆమెకు అనుమానం కాస్తా రూఢి అయింది. తనకు పొగ పెడుతున్నారు. ఇవాళ నవ్వు, రేపు కేక, ఎల్లుండి మాట. ఒకనాటి పొద్దున కాపలాదారు గేటు దగ్గరే ఆపి, మీకీరోజు పని లేదుగా అంటాడు.

అప్పటి నుంచి ఆమె చెవులు రిక్కించి తిరగసాగింది. టీ గదిలోకి వెళితే మాటలు ఆగిపోతున్నాయి. తుప్పుకు గొంతు ఇచ్చే పెద్దాయన, ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి, రోజూ పక్కన కూర్చుని జోకులేసేవాడు కాస్తా ఇప్పుడు దగ్గు మందు వంకతో దూరంగా కూర్చుంటున్నాడు. డైరెక్టరమ్మ ఎదురుపడితే “ఒంట్లో బాగుందా?” అని అడుగుతోంది. బాగుందా అని అడగడంలో ఏముంది? కానీ ఆ అడిగే తీరు, సామాను సర్దుకున్నారా అన్నట్టుగా తోచింది ఆమెకు.

ఇక మిగిలింది గిరగిర పిల్ల. పైలట్‌కు గొంతు ఇచ్చే ఆ అమ్మాయి అంతకుముందు పెళ్ళిళ్ళలో, కాలేజీల్లో మిమిక్రీ చేసేది. కుక్కర్ కూత నుంచి బ్యాంకు మేనేజరు దాకా దేన్నీ వదలదు. తోకచుక్క సీను రికార్డయిన సాయంత్రం, తను ఇంటికెళ్ళాక, ఆ పిల్లను డైరెక్టరమ్మ ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపేసుకుని మాట్లాడిందని టీ పెట్టే ఆవిడ చెప్పింది. ఏం మాట్లాడారో ఆవిడకు తెలీదు. పిల్ల మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని బయటికొచ్చిందట.

ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర భర్త అన్నాడు, “అంత అనుమానంగా ఉంటే నేరుగా అడిగెయ్.”

“అడిగితే నిజం చెబుతారా?”

“చెప్పకపోతే మొహంలో తెలుస్తుందిగా.”

“గొంతులతో బతికేవాళ్ళండీ వాళ్ళు. మొహాలు కూడా దిద్దుకోగలరు.”

“నువ్వూ వాళ్ళలో ఒకదానివేగా,” అన్నాడాయన. ఆమెకు ఆ పూట కూర రుచి తెలియలేదు.

ఆధారం దొరకనే దొరికింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వస్తుంటే వరండా చివర్నుంచి తన గొంతు తనకే వినిపించింది. “గవ్వలో ఉన్నంతసేపు నా మాటే శాసనం. కాదన్నవాళ్ళు దిగి నడిచి రండి.” ఉల్క మాట, ఉల్క విరుపు. ఆ వెనకే నవ్వు. కిటికీ దగ్గర గోడకేసి నిలబడి గిరగిర పిల్ల అదే మాటను మార్చి మార్చి అంటోంది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను అక్కడ ఏమీ అనలేదు. టీ గదిలోకి వచ్చేదాకా ఆగింది. డైరెక్టరమ్మ, ఇంజనీరు, బాబాయ్ అందరూ ఉన్నారు. పిల్ల గ్లాసు అందుకోబోతుంటే అడిగింది.

“ఎవరి గొంతు నేర్చుకుంటున్నావమ్మా?”

పిల్ల నవ్వింది. “విన్నారా అక్కా? వచ్చే భాగంలో గిరగిర మిమ్మల్ని వెక్కిరించే సీనుంది. సరిగ్గా రావట్లేదు. మీకు వినిపిద్దామనే అనుకుంటున్నా.”

“తోకచుక్క సీనులో మాత్రం సరిగ్గానే వచ్చిందిగా.”

పిల్ల గ్లాసు అందుకుని వెనక్కి తిరిగింది.

“అది నేను కాదక్కా,” అంది పిల్ల మెల్లగా.

“నమ్మమంటావా? నేను మా అక్కను పోగొట్టుకున్న దుఃఖంలో ఉంటే, నువ్వు తలుపులేసుకుని నా కుర్చీకి ఎసరు పెట్టావు. అరువు గొంతుతో ఎన్నాళ్ళు బతుకుతావే? నీకంటూ ఒక గొంతుంటే కదా.”

పిల్ల చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఏడవలేదు. డైరెక్టరమ్మ వైపు ఒకసారి, బాబాయ్ వైపు ఒకసారి చూసింది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అన్నట్టుంది ఆ చూపు.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. అరవై దాటిన మనిషి, బొజ్జ, మెడకు మఫ్లరు. “ఆ పిల్లనేమీ అనకమ్మా. ఆ నవ్వు నాది,” అన్నాడు.

“బాబాయ్, అడ్డం రాకండి.”

“అడ్డం రావడం కాదు. నాదే.”

ఆయన మఫ్లరు వదులు చేసుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే, ఆ బొజ్జలోంచి కెప్టెన్ ఉల్క నవ్వింది. ముప్పై ఏళ్ళ ఆడమనిషి, భయమంటే తెలియని మనిషి, చుక్కల మధ్య పల్టీలు కొడుతూ పకపకా నవ్వింది. ప్రకటనలో విన్న నవ్వే, ఇసుమంత తేడా లేదు. ముక్కుతో గాలి పీల్చకపోవడంతో సహా.

“కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాణ్ణి,” అన్నాడు కళ్ళు తెరిచి. “నీ పక్కన ఇన్నాళ్ళు కూర్చున్నాను. వినీ వినీ పట్టుబడింది.”

“ఎందుకు?” అంది ఆమె.

జవాబు డైరెక్టరమ్మ చెప్పింది. “మీ నవ్వు పనికిరాలేదు కెప్టెన్. మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి మీరు అక్కగారి విషయం ఇంకా...” ఆగి, మళ్ళీ అంది. “బొమ్మ గీసేవాళ్ళకు నవ్వు కావాలి. లేకపోతే పని ఆగిపోతుంది. ముందు ఈ అమ్మాయినే అడిగాను. చెయ్యనంది. ఆవిడకు తెలియకుండా ఆవిడ నవ్వు నేను నవ్వను, కావాలంటే నన్ను తీసెయ్యండి అని నాతో గొడవ పెట్టుకుని వెళ్ళిపోయింది.”

ఆమెకు పిల్ల ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. తీరా తలెత్తేసరికి పిల్ల అక్కడ లేదు.

“నా నవ్వు ఉందా ఇంకా?” అని అడిగింది ఇంజనీరును.

“ఎందుకులెండి ఇప్పుడు.”

“వినిపించండి.”

సౌండు గదిలో ఆయన హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మొదట ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు. ఏదో బరువైన సామాను మెట్ల మీద ఈడ్చినట్టు, ఒక్కో మెట్టుకూ ఆగుతూ వచ్చింది. చివర్లో ఊపిరి తెగి, “మళ్ళీ చేస్తానండీ” అని తన గొంతే ఎంతో ఉత్సాహంగా అంది. మళ్ళీ అదే ఈడ్పు. మళ్ళీ చేస్తానండీ. ఆ రోజు తను నవ్వాననే అనుకుంది. ఒట్టు పెట్టి చెప్పమన్నా చెప్పేది.

హెడ్‌ఫోన్లు తీయకుండానే కూర్చుని ఏడ్చింది. అక్క పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. ఇంజనీరు వెనక్కి తిరగలేదు.

బయటికి వచ్చాక డైరెక్టరమ్మతో అంది. “నా మేలు కోరే చేశారు. కాదన్ను. కానీ నాతో ఒక్క ముక్క చెప్పాల్సింది. ఇంటికెళ్ళి పడుకోమంటే పడుకునేదాన్ని. మీరందరూ గుసగుసలాడుకుంటుంటే నాకు పిచ్చెక్కింది. ఆ పిచ్చిలో అనకూడని మాట అన్నాను, అనరాని మనిషిని.”

“తప్పు నాదే,” అంది డైరెక్టరమ్మ. “ఇప్పుడు మార్చాలన్నా కుదరదు. ఉల్క నోరు బాబాయ్ గారి నవ్వుకు తగ్గట్టే కదిలింది.”

“మార్చొద్దు. ఉండనివ్వండి. బాబాయ్ బాగా నవ్వాడు.”

పిల్ల గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, “నేనన్న మాట వెనక్కి తీసుకోలేను,” అంది. “తప్పు చేశాను. క్షమించు.”

“మీరు నన్నే అనుమానించారు మేడమ్,” అంది పిల్ల రోడ్డు వైపు చూస్తూ. అక్కా అనే పిలుపు పోయి మేడమ్ వచ్చింది. “బాబాయ్ గార్ని అనుమానించలేదు, డైరెక్టరమ్మని నిలదీయలేదు. మిమిక్రీ పిల్ల కదా, దొంగిలించే ఉంటుందనుకున్నారు.”

“అనుకున్నాను.”

“అది నాకు గుర్తుండిపోతుంది.”

“ఉండాలి,” అంది ఆమె.

బస్సు వచ్చింది. పిల్ల ఎక్కింది. అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.

తర్వాతి వారం ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. పిల్ల వెక్కిరించే సీను. డైరెక్టరమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, కావాలంటే విడివిడిగా చేద్దామంది. ఇద్దరూ వద్దన్నారు. పిల్ల నోరు తెరిచింది. వరండాలో విన్నదానికీ దీనికీ పోలిక లేదు. ఉల్క బింకం, ఉల్క పెత్తనం, ఎవర్నీ నమ్మని ఆ కనుబొమ్మ ఎగరేయడం, అన్నీ ఆ గొంతులోకి వచ్చేశాయి. లోపల దాచుకున్న కోపమంతా పిల్ల ఆ నాలుగు మాటల్లో కక్కేసింది. అద్దం అవతల బాబాయ్ తల దించుకున్నాడు.

డైరెక్టరమ్మ “బాగుంది,” అంది. “కెప్టెన్, మీ జవాబు?”

“ఒక్క నిమిషం,” అంది ఆమె. పిల్ల వైపు తిరిగింది. “ఆ చివరి మాట దగ్గర కొంచెం మెత్తబడ్డావు. నా మీద జాలి పడ్డావేమో. పడకు. మళ్ళీ అను, ఇంకాస్త గట్టిగా.”

పిల్ల ఆమెను తేరిపార చూసింది. ఈసారి ఇందులో ఏ మెలిక ఉందోనని వెతుకుతున్నట్టు చూసింది. ఏమీ దొరకలేదు కాబోలు, “సరే మేడమ్,” అని మైకును తన ఎత్తుకు దించుకుంది.