వీరాస్వామి ఇంటి జనాభా

ఆగస్టు మొదటివారంలో జనాభా లెక్కల ఉత్తరం వచ్చింది. ఆస్ట్రేలియాలో ఎవరి లెక్క వాళ్ళే రాసుకోవాలి, ఎవరూ వచ్చి అరుగు మీద కూర్చోరు. బ్లాక్‌టౌన్ ఇంట్లో ఆ పని మనవరాలు జాక్లిన్‌ది. రౌస్ హిల్లో మందుల షాపు ఉద్యోగం ముగించుకొచ్చి, భోజనాల బల్ల ముందు కూర్చుని ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టేస్తోంది.

"అమ్మమ్మా, యువర్ మదర్ ఏ కంట్రీలో పుట్టింది? ఇండియా పెట్టేస్తున్నా."

"నువ్వు చూశావా?" అంది అమృతం, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

జాక్లిన్ నవ్వింది. అమృతం నవ్వలేదు. ఆవిడ బాపట్లలో మిషన్ హాస్టల్లో పెరిగి, అక్కడే టీచరమ్మయి, పెళ్ళి చేసుకుని, భర్త పోయాక కూతురు కుసుమతో ఈ దేశం వచ్చింది. 'మీ పుట్టిల్లెక్కడ?' అని ఎవరైనా అడిగితే 'ఆకాశం' అని నవ్వించేది. లోపల మాత్రం ఒక ముల్లు ఉంది. ఆడపిల్లని వద్దనుకుని వదిలేశారు తనని. హాస్టల్ ఆయా ఒకామె కోపంలో అన్న మాట అది. పిల్లల్ని చేర్చుకున్న పుస్తకాలు పక్కగది బీరువాలోనే ఉన్నా, ఇరవై ఏళ్ళు అక్కడ పాఠం చెప్పి కూడా ఒక్కసారీ తెరవలేదు. తెరిస్తే ఆ మాట నిజమైపోతుందని భయం.

"లెట్స్ ఫైండ్ దెమ్, అమ్మమ్మా!"

"నన్నొద్దనుకున్నోళ్ళని నేనెందుకు వెతకాలి?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంటూ కుసుమ కూడా కూతుర్ని కసిరింది. కానీ ఆ కత్తిపీట మాట వినే రకం కాదు. మర్నాడే అమృతం పాస్‌పోర్టు ఫొటో తీసి బాపట్లలో ఉన్న సమూయేలుకి పంపేసింది. సమూయేలు అమృతానికి ఆడపడుచు కొడుకు, తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. పాత రిజిస్టర్ల వాసన సోకక ముక్కు చిన్నబోయి ఉందేమో, అడగ్గానే బయల్దేరాడు.

పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1955 జూలై ఒకటి. ఆ యేడు జనన రిజిస్టరు ఈ చివర నుంచి ఆ చివరకి తిరగేశాడు. ముందు యేడు, వెనక యేడు కూడా చూశాడు. లాభం లేకపోయింది. చివరికి హాస్టల్‌కి వెళ్ళి బీరువా తీయించాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, నీ పేరు దొరికిందిగానీ చిన్న చిక్కొచ్చిపడింది. నువ్వు పుట్టడానికి రెండేళ్ళ ముందే హాస్టల్లో చేరిపోయావు."

"దట్స్ ఇంపాజిబుల్! ఎవరో తప్పు రాసుంటారు," అంది జాక్లిన్.

అమృతం నోట్లోని కాఫీ మింగలేక మింగి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆ తేదీ దేవుడిచ్చింది కాదే, మా హెడ్మాస్టరిచ్చింది! బడిలో చేర్చేరోజు మా హాస్టల్ పిల్లలు పదిహేడు మందికీ జూలై ఒకటే రాసేశాడు మహానుభావుడు. రేపు ఉద్యోగమొస్తే రెండేళ్ళు ఎక్కువ చేసుకుంటారని వయసు కూడా తగ్గించాడు. అందరం ఒక్కరోజే పుట్టాం, ఒక్క గిన్నెలో పాయసం తాగాం."

"సో నువ్వు టూ ఇయర్స్ పెద్దదానివా?"

"నోర్ముయ్. ఆ సంగతి ఈ గుమ్మం దాటకూడదు."

హాస్టల్ పుస్తకంలో రాసింది ఇది: 1953 సెప్టెంబరు. గోదావరి వరద శిబిరం నుంచి తెచ్చిన, మూడు నెలల లోపు ఆడశిశువు. ఊరు చినకోడులంక. తీగ దొరికాక సమూయేలు ఊరుకుంటాడా, రైలెక్కాడు. ఆ ఊరి పాత జనన రిజిస్టర్లో, వరదకు ముందు మూడు నెలల్లో పుట్టిన ఆడపిల్లలు ఇద్దరే. ఒకామె ఇప్పటికీ ఆ ఊళ్ళోనే చేపలమ్ముతోంది. రెండో పిల్లకి పేరు లేదు. తండ్రి వీరాస్వామి, తల్లి సూరమ్మ. జననం తెలియజేసినవారు: తండ్రి. పంచాయతీ బీరువాలో యాభై ఒకటి జనాభా లెక్కల నకలు కూడా చూశాడు. వీరాస్వామి ఇంట్లో అప్పటికి ముగ్గురున్నారు. మూడో మనిషి మంగమ్మ, కూతురు, రెండేళ్ళు.

"మంగమ్మగారు ఉన్నారత్తయ్యా, దుక్కలా ఉన్నారు. శనివారం వాళ్ళింటికే వెళ్ళి వీడియో కాల్ చేస్తాను," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం అమృతం గంజిపెట్టిన చీర కట్టుకుంది. తీరా ఫోన్ మోగేసరికి పెరట్లో బట్టలు తీయాలంటూ లేచిపోయింది. గాలీ లేదు, వానా లేదు. ఇన్నాళ్ళూ ఆ ఆయా మాట అబద్ధమేమోనన్న ఆశ కాస్తయినా మిగిలి ఉంది. ఇప్పుడు అదీ పోతే? జాక్లిన్ చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

తెరమీద ముసలి చెవి ఒకటి కనబడింది, పాతకాలం దుద్దుతో సహా.

"ఎవరదీ, మాట్టాడరేం?" అంది చెవి.

అమృతం నాలుగు రోజులుగా కూడబలుక్కున్న మర్యాదలన్నీ మరిచిపోయింది. "నన్నెందుకు వదిలేశారు?" అని అడిగేసింది.

"ఎవత్తె చెప్పిందే వదిలేశామని? దాని నోరు పడిపోను!" చెవి ఎర్రబడింది. "శిబిరంలో జొరమొచ్చి అమ్మ పోయింది. నీకు పాలేవి? మిషనోళ్ళ నర్సమ్మ 'నెల్లాళ్ళు పెంచిస్తాన'ని పట్టుకెల్లింది. నెలకి నాన్న వత్తే శిబిరమే ఎత్తేశారు. ఏ ఊరు పట్టుకెల్లారో చెప్పిన నాథుడు లేడు. ఏలూరెల్లాడు, కాకినాడెల్లాడు, రాజమండ్రెల్లాడు. బాపట్లని ఎవడన్నా చెబితే కదే!"

అమృతం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జనాభా లెక్కలోళ్ళు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తగువే," అంటూ మంగమ్మ అందుకుంది. "పిల్లలెంతమందంటే ఇద్దరాడపిల్లలనేవోడు. రెండోదేదంటే 'పొరుగూరెల్లింది, వచ్చేత్తాది, రాసుకోండి' అనేవోడు. 'ఇంట్లో లేనోళ్ళని రాయకూడదయ్యా' అంటే ఆళ్ళని అరుగు దిగనిచ్చేవోడు కాదు."

"రాశారా?"

"రాయక చత్తారా? అరవై ఒకట్లో రాయించేడు, డెబ్బై ఒకట్లో రాయించేడు. ఎనభై ఒకట్లో మంచంలో ఉండి, నన్ను పిలిచి 'చెల్లిని మర్చిపోకుండా చెప్పు' అన్నాడు. నేనే చెప్పాను."

అమృతం గట్టిగా, సిగ్గు లేకుండా, ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. పక్కనే కుసుమా జాక్లిన్ కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏడవకే. మా పిల్లలు నీ మొహం కనపడతాదన్నారు, నాకేం కనపట్టంలేదేంటి?" అంది మంగమ్మ.

"ముందు ఆ ఫోను చెవి దగ్గర్నించి తియ్యక్కా," అంది అమృతం.