పొలిమేర దాటిన సభ

నలభై ఏళ్లు బట్టలు కుట్టిన ఆవిడను ఊరంతా మిషనత్త అని పిలిచేది. భర్త పోయాడు, చూపు మందగించి మిషను అమ్మేసింది. ఇంట్లో పలకరించే నాథుడు లేడు. మురుగుకాలవ గురించి అడగడానికి మొదటిసారి పురపాలక సభకు వెళ్లింది. కాలవ బాగుపడి నాలుగేళ్లయినా వెళ్లడం మానలేదు. "రండి పిన్నిగారూ, కూర్చోండి" అనేవాడు అక్కడి గుమాస్తా. నెలకోసారి వినబడే ఆ మాటకోసం ముందురోజే చీర ఇస్త్రీ చేసుకునేది.

వానలకు సభాభవనం కప్పు కారుతోందని, అధ్యక్షుడు సమావేశాలను తన బావమరిది అతిథిగృహానికి మార్చాడు. అది ఊరి బయట, ఆరు మైళ్ల దూరం. రెండు బస్సులు మారి వెళితే కాపలావాడు గేటు దగ్గరే ఆపేశాడు.

"పెద్దలు మాట్లాడుకుంటున్నారమ్మా. బయటివాళ్లను రానివ్వద్దన్నారు."

"నేను బయటిదాన్నెలా అవుతాను నాయనా? అది మా ఊరి సభేగా!"

గేటు తెరుచుకోలేదు. లోపలి నవ్వులు వింటూ కాసేపు నిలబడి, కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళితే గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొలిమేర దాటి సభ పెట్టకూడదు పిన్నిగారూ. తలుపులూ మూయకూడదు. నిబంధన ఉంది. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి."

ఆవిడ ఎవరి పేరూ ఎత్తకుండా పై అధికారికి అర్జీ రాసింది. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. అతిథిగృహంలో చేసిన తీర్మానాలు చెల్లవు, సభ ఊళ్లోనే జరపాలి, తలుపులు తెరిచి ఉంచాలి.

పాత భవనంలో, కారే చోట బకెట్టు పెట్టి, సభ మొదలుపెట్టారు. అధ్యక్షుడు ఆవిడవైపు గుర్రుగా చూశాడు.

"మీ కాలవ బాగుచేశాంగా? ఇంకా ఏం పని మీకు?"

ఇంట్లో మనిషి గొంతు వినబడదని పదిమందిలో ఎలా చెబుతుంది?

"వినడానికొచ్చాను బాబూ" అంది. పొమ్మనే హక్కు ఆయనకు లేకపోయింది.

గుమాస్తా మాత్రం కాగితాల్లోంచి తలెత్తలేదు. ఉప్పందించింది అతనేనని అప్పటికే అందరికీ అనుమానం. అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదని ఆవిడ కూడా పలకరించలేదు. తనే కుర్చీ లాక్కుని వెనక వరుసలో కూర్చుంది.

సభ ముగిశాక, విన్నది ఎవరితోనైనా చెప్పాలనిపించింది. మెట్లు ఊడుస్తున్న మనిషి దగ్గర ఆగింది.

"ఇకనుంచి కుళాయి రెండుపూటలా వదులుతారట."

"అలాగా?" అంటూ ఆమె ఊడ్చుకుంటూ కిందికి వెళ్లిపోయింది.

మిషనత్త తాళంచెవి కోసం సంచిలో వెతుక్కుంటూ ఇంటిదారి పట్టింది.