దొర్లని మనిషి

మా ఆయనకు కడుపునొప్పి వచ్చిందంటే ఇల్లంతా తెలియాల్సిందే. బట్టలు మడతపెట్టమంటే చాలు, మంచం ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లుతాడు. "చచ్చానే" అని మూలుగుతూనే, నేను చూస్తున్నానో లేదో ఓ కంట కనిపెడుతుంటాడు. గడియారాలు బాగుచేసుకునే మనిషికి అంత నటన ఎక్కడ అబ్బిందో!

అలాంటి మనిషికి పిత్తాశయంలో రాళ్లని, చిన్న గాట్లు పెట్టి ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. మర్నాడు కడుపులో నొప్పన్నాడు.

"మొదలెట్టాడు," అని నవ్వింది వదిన, ఆయన అక్క. "గిన్నెలు తోమాలని పసిగట్టుంటాడు."

"గ్యాసయ్యుంటుంది వదినా," అని నేనూ నవ్వేశాను. కొన్నాళ్లు నొప్పి ఉంటుందని ఆస్పత్రిలో చెప్పారు కూడా.

గిన్నెలు తోమి వచ్చి చూద్దును కదా, మోకాళ్లు ముడుచుకుని వెల్లకిలా అలాగే ఉన్నాడు. దుప్పటి మీద ముడతైనా పడలేదు.

"ఏమండీ, కాస్త ఇటు తిరగండి."

"మంచం కదపకే," అన్నాడు, పెదవులు మాత్రం ఆడిస్తూ.

పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది.

"వదినా, బండి పిలవండి. ఈయన దొర్లట్లేదు."

"దొర్లకపోతే మంచిదేగా."

"మీ తమ్ముడి నటన నాకు తెలీదా? ఇది నటన కాదు."

ఆస్పత్రిలో నర్సు, "ఆపరేషనయ్యాక నొప్పి మామూలేనమ్మా, కూర్చోండి," అంది. నాకు ఒళ్లు మండింది.

"మామూలు నొప్పికైతే ఈయన మీ పైకప్పు లేపేసేవాడు. డాక్టర్ని పిలవండి. అప్పటిదాకా కూర్చోను."

డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు, స్కాన్ తీయించాడు. స్కాన్ చూడగానే డాక్టరు మొహం మారిపోయింది.

"పేగుకు చిల్లు పడింది. ఆపరేషన్లో పరికరం తగిలి ఉండాలి. అరుదుగా జరుగుతుంది, ఒక్కోసారి అప్పుడు కనబడదు. పేగులోది కడుపులోకి కారుతోంది. కదిలితే ప్రాణం పోతున్నట్టుంటుంది, అందుకే కదలట్లేదు. ఇప్పుడే కుట్టాలి. ఆలస్యమైతే మనిషి దక్కడు."

నోటి దాకా ఎన్ని తిట్లు వచ్చాయో. అన్నీ మింగి సంతకం పెట్టాను.

"ముందు కుట్టండి. తర్వాత తిడతాను."

బెంచీ మీద వదిన నా చెయ్యి వదల్లేదు. చివరికి డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచింది," అనగానే ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశాం. తిడతానన్న సంగతే గుర్తు రాలేదు.

ఆయన పూర్తిగా కోలుకున్నాక ఒక సాయంత్రం, ఉతికిన బట్టలు తెచ్చి ఆయన ముందు కుప్ప పోశాను. వెంటనే కడుపు పట్టుకున్నాడు. మంచం ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లి, "చచ్చానే," అని ఓ కంట నన్ను చూశాడు.

"ఇంకోసారి దొర్లండి," అన్నాను.

బట్టలన్నీ నేనే మడతపెట్టాను.